పాత పికప్‌కు వేరే ఇంజిన్.. ఆర్సీలో నంబరు మార్పించారా?

అమీర్‌పేట హాస్టళ్ల సామాన్లు మోసే చోటా హాథీలు, పంజాగుట్ట షాపులకు సరకు దించే పాత పికప్‌లు ఏదో ఒక రోజు పొగ కక్కుతాయి. ‘ఇంజిన్ బోరుకొచ్చింది అన్నా, స్క్రాప్ బండిది దించి పెట్టేద్దాం’ అంటాడు మెకానిక్. పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. కాకపోతే సగం పని షెడ్డులో, మిగతా సగం ఆర్టీఏ ఆఫీసులో.

ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఉంటాయి. అదే మోడల్ గేర్‌బాక్సో, ప్రొపెల్లర్ షాఫ్టో మారిస్తే ఆర్సీకి సంబంధం లేదు. ఇంజిన్ మారితే నంబరే మారిపోతుంది. అందుకే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలిపి ఆర్సీలో నమోదు చేయించాలి. పది, అంతకు మించి రవాణా వాహనాలున్న యజమానులకు, అదే కంపెనీ అదే రకం ఇంజిన్ అయితే, ముందస్తు అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. ఒక్క బండి మీద బతికేవాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు! ఫైనాన్స్ బాకీ ఉంటే ఆ కంపెనీ రాతపూర్వక సమ్మతి కూడా ముందే తీసుకోండి.

‘కాస్త పెద్ద ఇంజిన్ పెడితే లోడు బాగా లాగుతుంది’ అనే సలహా వినొద్దు. తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద నిబంధనలకు విరుద్ధంగా చేసిన ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

చట్టం సంగతి అటుంచినా, వేరే మోడల్ ఇంజిన్ అంత తేలిగ్గా కూర్చోదు. మౌంటింగులు కలవాలి, క్లచ్ ప్లేటు పళ్లు గేర్‌బాక్స్ షాఫ్టుకు సరిపోవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు తేడా వస్తే బండి ఊగిపోతుంది. వెనక హౌసింగ్‌లో క్రౌన్ పీనియన్ నిష్పత్తి కుదరకపోతే లోడైనా లాగదు, స్పీడైనా అందదు. కామన్ రైల్ డీజిల్ అయితే ఈసీయూ, వైరింగ్ కూడా కలవాలి.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కొనేటప్పుడు బిల్లు, అది ఏ బండిదో ఆ ఆర్సీ జిరాక్స్ అడగండి. బండి తుక్కయితే దాని యజమాని కూడా 14 రోజుల్లో ఆర్టీఏకు చెప్పి ఆర్సీ అప్పగించాలి (55వ సెక్షన్). నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. అది దొంగ బండిదైతే పోలీసులు ముందుగా వచ్చేది మీ దగ్గరకే.

నంబరు తేడా చాలామందికి బయటపడేది ఫిట్‌నెస్ రోజు, ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా వచ్చే పరీక్ష అది. లేదంటే యాక్సిడెంట్ తర్వాత, బీమా సర్వేయర్ బానెట్ ఎత్తినప్పుడు.