తెరగోడకు తెలుపా, బూడిదా?

ప్రొజెక్టర్‌కు నలుపు చూపించడం చేతకాదు. వెలుగు వెయ్యడమే దాని పని. నలుపు కావలసినచోట వెయ్యకుండా ఊరుకుంటుంది. అక్కడ మనకు కనబడేది, గదిలో అప్పటికే ఉన్న వెలుతురులో గోడ ఏ రంగులో ఉందో అదే. తెల్లగోడ మీద అర్ధరాత్రి సన్నివేశం వెలవెలబోతోందంటే చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు, గదిది. కొన్న తెరకు బదులు గోడకే రంగు వేయిద్దామనుకునేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఇదే.

పెయింటులో తెల్లదనమంతా టైటానియం డయాక్సైడ్ పొడిది. దాని వక్రీభవన గుణకం దాదాపు 2.7, దాన్ని పట్టి ఉంచే రెజిన్‌ది సుమారు 1.5. ఈ తేడా వల్లే కాంతి రేణువు రేణువు దగ్గరా దారి మళ్లి, చివరికి అన్ని దిక్కులకూ చెదిరి బయటికొస్తుంది. అందుకే గదిలో ఏ మూల కూర్చున్నా బొమ్మ ఇంచుమించు ఒకే వెలుగులో కనిపిస్తుంది. మెరుపున్న ఎమల్షన్‌లో పైనుండే నున్నటి రెజిన్ పొర కొంత కాంతిని అద్దంలా తిప్పికొడుతుంది. తెర నడుమ దీపపు మచ్చ తేలుతుంది. వెండి పూతలదీ అదే జబ్బు. షాపులో మ్యాట్ అనే అడగండి. ‘సాటిన్ అయితే కడుక్కోవచ్చు సార్’ అంటారు, వినొద్దు.

ఇక బూడిదరంగు. ట్యూబ్‌లైట్ వెలుగుతున్నా బూడిద తెరపై బొమ్మ తేటగా ఉంటుందని చాలామంది నమ్మకం. లెక్క వేద్దాం. 100 అంగుళాల తెర 221 సెం.మీ. వెడల్పు, 125 సెం.మీ. ఎత్తు, 2.76 చదరపు మీటర్లు. ప్రొజెక్టర్ నిజంగా 2000 ల్యూమెన్లు ఇస్తే గోడ మీద పడేది సుమారు 725 లక్స్. ట్యూబ్‌లైట్ మరో 100 లక్స్ వేసిందనుకుందాం. మిక్కిలి వెలుగు 825, మిక్కిలి నలుపు 100. ఎనిమిది రెట్ల తేడా, అంతే. సగం కాంతినే తిప్పిపంపే బూడిద పూత వేస్తే రెండూ సగమవుతాయి. ఆ ఎనిమిది ఎనిమిదిగానే ఉంటుంది.

మరి బూడిద ఎందుకు? లైట్లన్నీ ఆర్పాక చూడండి. తెర మీది వెలుగు తెల్లటి సీలింగుకూ, పక్కగోడలకూ, తళతళలాడే విట్రిఫైడ్ టైల్స్‌కూ తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. బొమ్మ తెరను ఒక్కసారే తాకి మన కంటికి చేరుతుంది, ఈ చొరబాటు వెలుగు రెండుసార్లు తాకుతుంది. సగం మింగే తెరపై బొమ్మ సగమైతే, చొరబాటు పావువంతుకు పడిపోతుంది. నలుపు నిలబడేది ఇక్కడే. వెలుగు తగ్గినా భయం లేదు: మన లెక్కలో తెర నుంచి కంటికి వచ్చే వెలుగు (దీన్ని నిట్లలో కొలుస్తారు) ఇంకా 115 నిట్ల దాకా మిగులుతుంది, డిజిటల్ సినిమా హాళ్ల ప్రమాణం 48 నిట్లే. అసలు మందు సీలింగుకు, పక్కగోడలకు ముదురురంగు వెయ్యడం. అప్పుడు తెర తెల్లగా ఉన్నా పర్వాలేదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలిగానీ!

బూడిద నీలంవైపు మొగ్గితే ముఖాలు పాలిపోతాయి. ప్రొజెక్టర్‌లో సరిచేయవచ్చు, కానీ నీలాన్ని తగ్గించినంత మేర వెలుగూ పోతుంది. అరచెయ్యంత ముక్కకు రంగు వేసి, ఆరాక పగటి వెలుతురులో తెల్లకాగితం పక్కన పెట్టి చూడాలి.

రంగు కన్నా ఎక్కువ ఓపిక అడిగేది లప్పం పని. ఈ తెరపై ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఒక్కో చుక్క 1.15 మి.మీ., ఫోర్‌కేలో అందులో సగం. రోలర్ వదిలే గరుకు దాదాపు అదే కొలతకు వస్తే ఆకాశం, తెల్లచీర లాంటి విశాలమైన లేతరంగుల్లో ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. లప్పం పెట్టి, సాండ్‌పేపర్ కొట్టాక టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వెలిగించండి. మామూలు వెలుతురులో కనబడని గుంటలూ బొడిపెలూ నీడలతో సహా బయటపడతాయి. వాటిని సరిచేశాకే ప్రైమర్. ఆపైన పొట్టి నూగున్న రోలర్‌తో పల్చగా రెండు చేతులు.

చివర్న చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున నల్ల వెల్వెట్ పట్టీ అంటించాలి. అంచు దాటి పొర్లిన వెలుగును అది మింగేస్తుంది. పైగా నలుపు పక్కనున్నదాన్ని కన్ను మరింత వెలుగుగా చూస్తుంది కాబట్టి, బూడిద పూతలో పోయిందనుకున్న తెలుపు కొంత అక్కడ తిరిగొస్తుంది.