పేట నుంచి భీమిలి దాకా... ఓ ఇల్లు బయల్దేరింది!

కారవాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? షూటింగ్ స్పాట్‌లో ఓ ఏసీ బండి, మెట్ల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటు, తలుపు తెరుచుకోగానే నల్లకళ్లద్దాల హీరోగారు... అంతేగా? నాకూ అంతే. మొన్న చిలకలూరిపేట వెళ్లేదాకా!

పేటలో ఓ సందు చివర వేపచెట్టు కింద తెల్లటి వ్యాను ఒకటి ఆగి ఉంది. కిటికీలకు పూల కర్టెన్లు. పైన సోలార్ పలక. వెనకాల తాడు కట్టి ఆరేసిన తువ్వాళ్లు. లోపల్నుంచి ఘుమఘుమలాడే పోపు వాసన! తలుపు కొట్టాను. తెరిచింది హీరోగారే. కాకపోతే వయసు 64. రెండేళ్ల కిందట రిటైరైన లెక్కల మాస్టారు. చేతిలో గరిటె!

"రా అబ్బాయ్, సరిగ్గా టిఫిన్ టైముకొచ్చావ్" అన్నారు.

పేర్లు రాయకూడదని ముందే షరతు పెట్టారు. "రాస్తే మా వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు బాబూ" అన్నారు లోపల్నుంచి అమ్మగారు. ఆ ఫోన్ల సంగతి తర్వాత చెబుతాను.

వరండా వద్దు, చక్రాలు కావాలి!

1972లో వచ్చిన 'బడిపంతులు' గుర్తుందా? రిటైరైన పంతులుగా ఎన్టీఆర్, ఆయన భార్యగా అంజలీదేవి. కొడుకులు తండ్రినొకచోట, తల్లినొకచోట ఉంచుతారు. ఆ సినిమాకు హాలంతా ముక్కులు చీదిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. రిటైరైన దంపతులంటే కొడుకింటి వరండాయేనని మన సినిమాలు చాలాకాలం ఏడిపించాయి. 2012లో తనికెళ్ల భరణి 'మిథునం' తీసి, బాలుగారినీ లక్ష్మిగారినీ సొంత ఇంట్లో, సొంత పెరట్లో హాయిగా కూర్చోబెట్టారు. ఈ పేట దంపతులు ఇంకో అడుగు ముందుకేశారు. ఇంటికే చక్రాలు కట్టారు!

బయటి దేశాల్లో ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో చలికాలం వస్తే ఉత్తరాది పెద్దవాళ్లు బండ్లు తోలుకుంటూ ఫ్లోరిడా, టెక్సాస్‌ల వెచ్చటి తీరాలకు దిగిపోతారు. వాళ్లకు 'మంచుపిట్టలు' అని ముద్దుపేరు. ఆస్ట్రేలియాలో ఇలాంటివాళ్లని 'నెరిసిన దిమ్మరులు' అంటారు. మన పక్కనే కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం పథకం ప్రకటించింది. మనకు మంచు బెడద లేదు గానీ, సంక్రాంతి వెళ్లాక మన కోస్తా ఎలా ఉంటుందో చెప్పాలా? తుపాన్ల కాలం అయిపోతుంది, ఎండాకాలం ఇంకా మొదలవదు.

ఐదేళ్ల కాల్షీట్లు

బండి సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్. సీట్లు పీకించి రెండు బెర్తులు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, మూలన చిన్న బాత్రూం పెట్టించారు. మీరు ఆవేశపడి రేపే మీ నాన్నగారి బండి సీట్లు పీకేయకండి! 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా బండి రూపం మార్చకూడదు. మార్చాక ఆర్‌సీలో ఎక్కించాలి. ఆ కాగితాల కోసం మాస్టారు చెప్పులరిగేలా తిరిగారు.

ఇంకో సంగతి. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు. "నా కాల్షీట్లు ఐదేళ్లు. ఆపైన నిర్మాతగారి దయ!" అని ఆకాశం వైపు చూపించారాయన.

రిటైర్మెంట్ డబ్బులో మూడోవంతు దీనికే అయింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు మండిపడ్డాడు. "ఈ వయసులో రోడ్ల మీద పడుకుంటారా? కొడుకు అన్నం పెట్టడం లేదని నలుగురూ అనుకోరా?" అన్నాడట. మూడు నెలలు మాటల్లేవు. అంతదాకా జోకులేస్తున్న మాస్టారి గొంతు ఇక్కడ తగ్గింది.

రిటైరైంది ఎవరు?

అసలు కథ 1978లో మొదలైంది. బాలచందర్ 'మరోచరిత్ర' విడుదలైంది. విశాఖ, భీమిలి తీరాల్లో కమల్‌హాసన్, సరిత... కుర్రకారుకి పిచ్చెక్కిన రోజులు. మాస్టారు పేటలో ఐదుసార్లు చూశారు. అమ్మగారు నరసరావుపేటలో ఒకసారి, అదీ ఇంట్లో చెప్పకుండా! పెళ్లిచూపుల్లో ఇద్దరికీ కలిసిన మాట ఆ సినిమా ఒక్కటే. "నిన్ను భీమిలి తీసుకెళ్తా" అన్నారట పెళ్లయిన కొత్తలో. తర్వాత బదిలీలు, పిల్లల ఫీజులు, చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు... 38 ఏళ్లు గడిచాయి.

వ్యాను తయారయ్యాక అమ్మగారు లోపలికి తొంగిచూసి పొయ్యి మీద చెయ్యి వేశారట.

"ఇక్కడ కూడా వంట నాదేనా? అట్లాగయితే రిటైరైంది మీరొక్కరే. నేనింకా డ్యూటీలోనే ఉన్నట్టు!"

చెప్పొద్దూ, ఆ మాట విని నేను గతుక్కుమన్నాను. సెలవుల్లేని సర్వీసు, పెన్షన్ లేని ఉద్యోగం. మాస్టారికీ ఆ లెక్క అప్పుడే తెలిసిందట! అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. పొద్దున టిఫిన్ ఆయనది. రాత్రి వంట ఆవిడది. మధ్యాహ్నం ఏ ఊరి మెస్సు ఎదురైతే అది. స్టీరింగ్ ఆయనది, రూటు ఆవిడది.

పల్నాడు జిల్లాకు సముద్రం లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత గుంటూరు జిల్లా తీరమంతా బాపట్ల జిల్లాకు పోయింది. అయితేనేం, పర్చూరు, చీరాల మీదుగా గంటన్నరలో వాడరేవు. విజయవాడ హైవే ఎక్కితే విశాఖ ఒక్కరోజు ప్రయాణం. అమ్మగారు ఒప్పుకోలేదు. "సముద్రం పక్కనే పోవాలి" అన్నారు. ఒంగోలు నుంచి కత్తిపూడి దాకా తీరంలోని ఊళ్లను కలుపుతూ పోయే 216 జాతీయ రహదారి అందుకే ఉంది మరి!

వాడరేవు దగ్గర మోటుపల్లి చూశారు. కాకతి గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. సూర్యలంకలో రెండు రోజులున్నారు. పెనుమూడి వారధి మీద కృష్ణ దాటి హంసలదీవి చేరారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఎన్టీఆర్, ఏయన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారే, ఆ సీమే! ఆ రాత్రి బండి ఎక్కడ ఆపాలో అక్కడి జాలర్లనే అడిగారు. గుడి సత్రం, పెట్రోలు బంకు, బడి ఆవరణ... ఎక్కడాగినా అడిగి ఆగడమే వాళ్ల పద్ధతి.

మంగినపూడిలో నల్లమట్టి ఇసుకలో చక్రం దిగబడింది. "వల లాగినట్టు హైలెస్సా అంటూ లాగి పడేశారు బాబూ! డబ్బిస్తే తీసుకోలా. టీ పెట్టించుకు తాగారు" అన్నారు అమ్మగారు. తర్వాత చించినాడ వంతెన దాటి అంతర్వేది, ఆపైన కాకినాడ. 'ఉప్పెన' చూసిన మీకు ఉప్పాడ కొత్త కాదు. అక్కడ సముద్రం రోడ్డునే కొరికేస్తోంది. 16వ రోజు సాయంత్రం... భీమిలి!

"ఎట్లా ఉందండీ?" అని ఆత్రంగా అడిగాను.

"ఏముంది, మన వాడరేవు సముద్రంలాగే ఉంది" అని నవ్వేశారావిడ. కానీ రెండు గంటలు అక్కడి నుంచి లేవలేదట. మర్నాడు మాస్టారు చేసిన ఉప్మాలో ఉప్పెక్కువైంది. "సముద్రం పక్కన కదా!" అన్నారట. ఎవరైనా అంతకంటే ఏం చెప్పగలరు!

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూడాలి కాబట్టి ఆ లోపే ఇల్లు చేరారు. వచ్చే ఏడాది దక్షిణానికట... మైపాడు, పులికాట్ కొంగలు.

ఇంతకీ కొడుకు? ఇప్పుడు బండి కదిలితే చాలు, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "టైర్లలో గాలి చూశారా?" అంటాడట. "సారీ మాత్రం చెప్పలా. ఆ గాలి మాటే సారీ అనుకుంటున్నాం" అన్నారు అమ్మగారు.

ఇంటికెళ్లాక ఈ కథ మా ఇంట్లో చెప్పి, "పెళ్లయిన కొత్తలో నాన్న నీకు ఏ ఊరు చూపిస్తానన్నాడే?" అని మా అమ్మను అడిగాను. నాన్నకు గుర్తే లేదు. అమ్మ మాత్రం పోపు గిన్నెలోంచి తలెత్తకుండానే చెప్పింది, "కన్యాకుమారి" అని.

రైలు టికెట్లు చూస్తున్నాను. మీరూ ఇవాళ మీ అమ్మను అడగండి!