డబ్బా టీవీని పారేయకండి

మా తెనాలి రిపేరు షాపుకి డబ్బా టీవీ మోసుకొచ్చి, ‘చానళ్లు రావట్లేదు, పారేయాలా?’ అంటారు. పిక్చర్ ట్యూబ్ బాగుంటే ఎందుకండీ పారేయడం! హైదరాబాద్, విశాఖల్లో 2013లో కేబుల్ డిజిటల్ అయింది. తర్వాత మిగతా ఊళ్లూ మారాయి. ఆ సిగ్నల్‌ని పాత టీవీ నేరుగా అందుకోలేదు, మధ్యలో సెట్‌టాప్ బాక్సు ఉండాలి.

టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటే పసుపు బొమ్మకి, మిగతావి శబ్దానికి. బాక్సు వైర్లు గుచ్చి టీవీ రిమోట్‌లో ‘ఏవీ’ (AV) బటన్ నొక్కండి. యాంటెన్నా రంధ్రం ఒక్కటే ఉంటే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కావాలి. బాక్సుకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే ఏవీ కన్వర్టర్ తగిలించాలి. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంటే బాక్సు సెట్టింగుల్లో 4:3 పెట్టండి.

నెలనెలా కట్టలేమనేవాళ్లకి నేను డీడీ ఫ్రీ డిష్ చెబుతా. డిష్షూ బాక్సూ ఒకసారి కొంటే నెల చందా ఉండదు.