కుక్క సచ్చిపోతే ఏం రాయల్ల?

కుక్క సచ్చిపోతే మా గోరంట్ల పక్క పిల్లోళ్లు స్టేటస్‌లో ఫొటో పెట్టి 'మిస్ యూ రా' అని ఊరుకుంటారు. కుక్కకు నివాళి ఏందిరా అని నవ్వే పెద్దోళ్లూ ఉండారు. వాళ్లకు ఆతకూరు రాయి గురించి చెప్పండి.

కర్ణాటకలో మండ్య జిల్లా ఊరది. శాసనం క్రీ.శ. 949-50 నాటిది. తక్కోలం యుద్ధం గెలిచినాక గంగరాజు రెండో బూతుగుడు ఏం కావల్లో కోరుకోమంటే, మణలేరుడనే వీరుడు 'కాళి' అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. అది పెద్ద అడివిపందితో కొట్లాడి, దాన్ని సంపి, తానూ సచ్చింది. గుడి ముందర రాయి నాటించి, చెరువు కింద భూమి రాసిచ్చినారు. ఆ భూమి చూసేటోడు రాయికి పూజ చేయకుండా కూడు తింటే కుక్క పాపం తగుల్తాదని కూడా చెక్కించినారు!

అందులో ఏముండాదో చూడండి. పేరు, ఎవరిచ్చినారు, ఎట్లా సచ్చింది. ఏడ్చినామని యాడా లేదు.

మీరూ అట్లే రాయండి. 'విశ్వాసానికి మారుపేరు' అనే మాట ఏ కుక్కకైనా సరిపోతాది, అందుకే మీ కుక్కకు సరిపోదు. శెనక్కాయ కుప్ప కాడ రాత్రంతా ఎట్లా పండుకునేదో అది రాయండి. పురుగుమందు కలిపిన ఎర తిని సచ్చింటే ఆ మాటే రాయల్ల. 'దేవుడు తీసకపోయినాడు' అంటే ఎర పెట్టినోడు తప్పించుకుంటాడు.

ఎద్దుకైనా అంతే. కరువులో మేపలేక సంతకు తోలింటే తోలినామనే రాయల్ల, అది శానా కష్టం. మా నాయన అమ్మిన ఎద్దు గురించి నేను రాసుకున్న కాగితంలో ఆ పొద్దు గడ్డిమోపు ధర కూడా ఉండాది.