వంశవృక్షంలో అత్తగారి గడి



మా అత్తగారికి ఎనభై ఏళ్లు నిండిన రోజున మా మరిది కంప్యూటర్లో వంశవృక్షం తయారుచేసి, అచ్చు వేయించి, పటం కట్టించి తెచ్చాడు. అందరం చుట్టూ మూగాం. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా చూసి, "బాగుందిరా నాయనా, ఇందులో నేనెక్కడ?" అన్నారు.

నిజమే! మామగారి గడి ఉంది. దాని కింద నలుగురు పిల్లల గడులూ ఉన్నాయి. కన్నతల్లి మాత్రం లేరు!

మరిది ఆవిణ్ణి మరచిపోలేదండీ. పేరు, పుట్టిన తేదీ, పుట్టింటి ఊరు అన్నీ ఎక్కించాడు. మరి ఎందుకు రాలేదు? ఆ సంగతే ఈవేళ చెబుతాను.

మనం ఎక్కించే వివరాలు వేరు, పటం వేరు. బొమ్మల కొలువు ఉంది చూడండి, బొమ్మలు అవే అయినా ఏ మెట్టుమీద ఏది పెట్టాలో, ఏది పెట్టెలోనే ఉంచాలో మన ఇష్టం కదా! ఇదీ అంతే. మరిది వాడేది 'గ్రాంప్స్' అనే ఉచిత ప్రోగ్రాం, 2001లో మొదలైంది. అందులో వంశస్థుల పటం గీసేటప్పుడు భార్యాభర్తలిద్దరినీ చూపించాలా అని అడిగే టిక్కు ఒకటుంది. కాగితం చాలడం లేదని అబ్బాయి ఆ టిక్కు తీసేశాడు. దాంతో ఇంటి కోడళ్లందరూ పెట్టెలోనే ఉండిపోయారు!

చోటు చాలకపోతే మనుషుల్ని తీసేయనక్కరలేదు. గడిలో రాసే వివరాలు తగ్గించి పేరు, సంవత్సరం మాత్రం ఉంచవచ్చు. అక్షరాల సైజు తగ్గించవచ్చు. కాగితానికి సరిపడా పటాన్ని కుదించమనవచ్చు. లేదా నాలుగైదు కాగితాలమీద అచ్చు తీసి అతికించుకోవచ్చు.

పేర్ల సంగతీ చూసుకోవాలి. ఇంటిపేరు ముందా, వెనకా అన్నది మనమే నిర్ణయించుకోవచ్చు. మన పద్ధతి ప్రకారం ముందు పెట్టుకోండి. ఆడవాళ్లకు పుట్టింటి పేరే అసలు పేరుగా ఎక్కించి, అత్తింటి పేరు రెండో పేరుగా చేర్చండి. లేకపోతే ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో మనవలకు ఎలా తెలుస్తుంది? తెలుగులో అచ్చు వేయాలంటే తెలుగు ఫాంటు ఎంచుకుని, ముందు ఒక్క పేజీ తీసి ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.

మేనరికాలున్న ఇళ్లలో మరో తమాషా. పూర్వికుల పటంలో ఒకే తాతగారు అటు తల్లివైపూ, ఇటు తండ్రివైపూ రెండు గడుల్లో కనిపిస్తారు. కంగారుపడకండి, అది తప్పు కాదు. ఒక్కరికి ఒక్క గడే కావాలంటే 'సంబంధాల పటం' అనే ఇంకో రకం ఉంది. గీతలు కాస్త అడ్డదిడ్డంగా పోతాయి గాని మనిషి ఒక్కసారే వస్తాడు.

పటం పదిమందికీ పంచేటట్లయితే బతికి ఉన్నవాళ్ల పుట్టిన తేదీలు రాకుండా చూసుకోవడం మంచిది.

సరే, మా ఇంటి సంగతి. ఆ రాత్రే మరిది టిక్కు పెట్టి కొత్త పటం తీశాడు. అత్తగారి పుట్టింటివైపు పూర్వికుల పటం కూడా గీద్దామని నేనూ పక్కన కూర్చున్నాను. ఆవిడ వాళ్లమ్మ పేరు చెప్పారు, అమ్మమ్మ పేరు చెప్పారు. నాయనమ్మ దగ్గర ఆగిపోయారు. "అందరూ పెద్దమ్మగారనే పిలిచేవాళ్లే, పేరు ఎవరూ అనగా నేను వినలేదు" అన్నారు. తెలియనివాళ్లకు ఖాళీ గడి గీయమని కూడా చెప్పవచ్చు. అలాగే చెప్పాం. ఆ గడి అలా ఖాళీగానే గోడమీద ఉంది.

రంగులూ అంచులూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం, ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఆడవాళ్ల పేర్లు ముందు అడిగి రాసుకోండి.

(రేడియో ప్రసంగ పాఠం)