నాన్న సెలవుకి వచ్చేలోగా

విశాఖపట్నం బీచి రోడ్డులో నిలబడితే దూరంగా బూడిదరంగు ఓడలు కనిపిస్తాయి. అవి సరుకుల ఓడలు కావు. చేపల మరపడవలు కావు. అవి నౌకాదళం ఓడలు. మన తీరానికి కాపలా కాసే ఓడలు.

తూర్పు నౌకాదళ కమాండు 1968లో ఏర్పడింది. దాని పెద్ద కార్యాలయం విశాఖపట్నంలోనే ఉంది. అందులో పనిచేసే నావికులు దేశంలోని అన్ని రాష్ట్రాల నుంచీ వస్తారు. మన తెలుగు పల్లెల నుంచీ ఎంతోమంది చేరారు. కొందరికి నౌకాదళం వాళ్ళే ఇళ్ళు ఇస్తారు. మల్కాపురం, గాజువాక వైపు అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళూ ఉన్నారు.

బయటి నుంచి చూసేవాళ్ళకి ఆ ఇల్లు బాగానే కనిపిస్తుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. క్యాంటీనులో సరుకులు కాస్త తక్కువ ధరకి దొరుకుతాయి. ఇంకేం కావాలి అంటారు. కాని ఆ ఇంట్లో మనిషి ఉండడు. ఓడ ఎక్కినవాడు వారానికి దిగుతాడో, మూడు నెలలకి దిగుతాడో చెప్పలేం. ఒడ్డు దాటి దూరం వెళ్తే సెల్ ఫోను పలకదు. జలాంతర్గామి అయితే నీటి అడుగునే పోతుంది. అందులో ఉన్న మనిషితో ఫోనులో మాట్లాడే వీలే లేదు.

పిల్లలకి జ్వరం వస్తే అమ్మ చూసుకోవాలి. బడి ఫీజు అమ్మ కట్టాలి. గ్యాసు బండ, కరెంటు బిల్లు, అత్తగారి మందులు, అన్నీ అమ్మే చూడాలి. పండక్కి ఊరెళ్ళే ఏర్పాటు కూడా ఆమెదే.

ఒక ఇంటిని అనుకుందాం. వాళ్ళది ఒంగోలు దగ్గర ఒక పల్లె. ఇంటాయన నావికుడు. ఇల్లాలు ఐదో తరగతితో బడి మానేసింది. పెళ్ళయ్యాక విశాఖ వచ్చింది. కూతురికి పదకొండేళ్ళు, కొడుక్కి ఏడేళ్ళు.

ఒక ఏడాది సంక్రాంతికి ఇంటాయనకి పది రోజుల సెలవు దొరికింది. నాలుగు నెలల తరువాత ఇంటికి వచ్చాడు. పిల్లలు మెడకి చుట్టుకున్నారు. ఆయన వాళ్ళని బజారుకి తీసుకెళ్ళాడు. కొడుకు బ్యాటరీ కారు అడిగాడు, కొన్నాడు. కూతురు రెండు జతల చెప్పులు అడిగింది, కొన్నాడు. రోజూ హోటలు భోజనమే. ఊళ్ళో అందరికీ బట్టలు పెట్టాడు. "ఇన్నాళ్ళూ పిల్లల దగ్గర లేను. ఈ పది రోజులైనా కాదనలేను" అన్నాడు. ఆ మాటలో తప్పు ఏముంది? ఏ తండ్రయినా అదే అంటాడు.

సెలవు అయిపోయింది. ఆయన ఓడ ఎక్కాడు. అప్పుడు ఆమె లెక్క చూసుకుంది. జీతం రావడానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది. చేతిలో 800 రూపాయలు ఉన్నాయి. బడి వ్యాను డబ్బులు కట్టాలి. పక్కింటావిడ దగ్గర మూడు వేలు చేబదులు తీసుకుంది. ఆ వారంలోనే కొడుకు ఐస్‌క్రీము అడిగాడు. ఆమె వద్దంది.

"నాన్న మంచోడు. నువ్వే పిసినారివి" అన్నాడు వాడు.

అప్పు చేసినప్పుడు కూడా ఆమెకి అంత బాధ అనిపించలేదు.

ఇలాంటి మాట ఓడల వాళ్ళ ఇళ్ళలోనే కాదు, గల్ఫ్‌కి పోయినవాళ్ళ ఇళ్ళలోనూ వినిపిస్తుంది. లారీ డ్రైవర్ల ఇళ్ళలోనూ వినిపిస్తుంది. ఎప్పుడో వచ్చే నాన్న ఇచ్చే మనిషి అవుతాడు. ఎప్పుడూ ఉండే అమ్మ కాదనే మనిషి అవుతుంది. ఆ ఇచ్చేదీ ఈ కాదనేదీ ఒకే జీతంలోంచి వస్తాయని పిల్లలకి ఎవరూ చెప్పరు. చిన్నపిల్లలకి డబ్బు సంగతులు ఎందుకులే అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పూర్వం పిల్లలు డబ్బుని చూసేవాళ్ళు. అమ్మ కొంగుముడి విప్పేది. నోట్లు లెక్కపెట్టేది. చిల్లర తీసుకునేది. మూట చిన్నదవడం కంటికి కనిపించేది. ఇప్పుడు దుకాణంలో ఫోను చూపిస్తే చాలు. డబ్బా ఒకటి పైకి పలుకుతుంది, ఇంత ముట్టిందని. పిల్లవాడికి నోటు కనపడదు, చిల్లర కనపడదు. అందుకే ఆ కొడుకు ఒకసారి అమ్మతో, "డబ్బుల్లేకపోతే ఫోను చూపించమ్మా" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వాడు చూసింది అదే.

ఆ ఇల్లాలు ముందుగా పిల్లల్ని కురుసుర చూడ్డానికి తీసుకెళ్ళింది. కురుసుర మన నౌకాదళంలో 1969లో చేరిన జలాంతర్గామి. 2001లో దాన్ని విరమింపజేశారు. 2002 నుంచి విశాఖ బీచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవు ఉంటుంది. లోపల మాత్రం ఇరుకు. తలుపులు గుండ్రటి కన్నాల్లా ఉంటాయి. వంగి దూరాలి. పడుకునే బల్లలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎండ రాదు, గాలి రాదు.

"నాన్న కూడా ఇలాగే పడుకుంటారా?" అని కూతురు అడిగింది.

"నాన్న ఓడ ఇంతకంటే పెద్దది. కాని చోటు అక్కడా తక్కువే. అక్కడ అన్ని రోజులు ఉంటేనే మనకి ఒక నెల జీతం వస్తుంది" అంది అమ్మ.

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

డబ్బు గురించి పిల్లలకి మొదట తెలియాల్సింది లెక్క కాదు. అది ఎవరి కష్టమో తెలియాలి. కూలికి పోయే తల్లి బిడ్డని ఒకరోజు చేనుకి తీసుకెళ్ళినా ఈ సంగతి తెలుస్తుంది.

ఖాతా ఎవరి పేరున ఉంది?

ఇంటాయన దూరాన ఉండే ఇంట్లో ఇది పెద్ద ప్రశ్న. జీతం ఆయన ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో పడితే చిక్కే. ఆయన ఓడలో ఉంటే బ్యాంకు వాళ్ళు భార్యకి డబ్బు ఇవ్వరు. ఇద్దరి పేర్లతో జాయింటు ఖాతా ఉండాలి. అందులోనూ ఇద్దరిలో ఎవరు వెళ్ళినా తీసుకునేలా రాయించుకోవాలి. దాన్ని బ్యాంకులో 'ఐదర్ ఆర్ సర్వైవర్' అంటారు. అలా రాసి ఉంటే ఒకరి సంతకం చాలు. ఒకరికి ఏదైనా జరిగినా రెండోవారికి డబ్బు అందుతుంది. ఖాతా తెరిచేటప్పుడే ఈ మాట అడగాలి.

ఏటీఎం కార్డు నంబరు, దాని వెనక అంకెలు, పిన్ను, ఫోనుకి వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం అన్నా చెప్పకూడదు. ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఫోనులో పిన్ను కొట్టేది డబ్బు పంపడానికే. మనకి డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తాం, పిన్ను కొట్టండి" అన్నవాడు దొంగ. పిల్లల చేతుల్లో ఫోను ఉంటుంది కాబట్టి వాళ్ళకీ ఇది చెప్పి ఉంచాలి. నాన్న ఓడ ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అని తెలియనివాళ్ళు అడిగితే చెప్పకూడదని నౌకాదళం ఇళ్ళలో పిల్లలకి చిన్నప్పుడే నేర్పుతారు. పిన్ను కూడా అలాంటిదే అంటే వాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

జాయింటు ఖాతా కాక ఆ ఇల్లాలు పోస్టాఫీసులో తన పేరున పొదుపు ఖాతా తెరిచింది. దానికి 500 రూపాయలు చాలు. జూలై నుంచి నెలకి 2,500 అందులో వేసింది. డిసెంబరుకి ఆరు నెలలు. ఆరు రెండున్నరలు పదిహేను. 15,000 అయింది. పండగ డబ్బు అంతే. జనవరి జీతంలోంచి ఒక్క రూపాయి కూడా పండక్కి తీయకూడదని ఆమె పట్టుదల.

పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరునే ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. ఆ కూతురికి పదకొండు కదా. ఆ పిల్లా ఒకటి తెరిచింది. పాసుబుక్కు మీద తన పేరు చూసుకుని పక్కింటి వాళ్ళందరికీ చూపించింది.

టిక్కెట్లు, కవర్లు

సంక్రాంతికి విశాఖ నుంచి వెళ్ళే రైళ్ళలో నిలబడ్డానికి చోటుండదు. రైలు టిక్కెట్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి ఇస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులు ఉండేది. జనవరి 10న బయలుదేరాలంటే ఎప్పుడు కొనాలి? కూతురు క్యాలెండరు తీసి వెనక్కి లెక్కపెట్టింది. నవంబరు 11 అని తేల్చింది. ఆ లెక్క బడిలో ఎవరూ చెప్పలేదు.

కాని నాన్న సెలవు నవంబరుకి తేలదు. పండగ రోజున కూడా ఓడ మీద కాపలా ఉండాలి. అందరికీ ఒకేసారి సెలవు ఇవ్వరు. అందుకని ఆమె తనకీ పిల్లలకీ కలిపి ఒక టిక్కెట్టు కొంది. ఆయనకి విడిగా ఇంకొకటి కొంది. ఆయన రాలేకపోతే ఆ ఒక్కటీ రద్దు చేసుకోవచ్చు. రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతా డబ్బు ఇస్తారు. రైలు టైము దగ్గరపడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. ఐదేళ్ళు దాటి పన్నెండు నిండని పిల్లలకి విడిగా పడక అక్కర్లేదంటే సగం టిక్కెట్టు. పడక కావాలంటే పూర్తి టిక్కెట్టు. రాత్రంతా ప్రయాణం కాబట్టి ఆమె పడకలే తీసుకుంది. అన్ని చోట్లా పొదుపు చేయబోతే పిల్లలకి నిద్ర ఉండదు.

డిసెంబరులో ఆమె 15,000 రూపాయలూ నోట్లుగా తెచ్చింది. విత్‌డ్రాయల్ ఫారం తనే నింపింది. ఇంట్లో చాప మీద ఆ నోట్లు పరిచింది. పిల్లలు అంత డబ్బు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు.

"ఇది మన పండగ. ఇంతే ఉంది. ఎలా పంచుదాం?" అని అడిగింది.

కూతురు ఆరు కవర్ల మీద పేర్లు రాసింది. బట్టలు 5,000. ప్రయాణం 3,000. పిండివంటలు, సరుకులు 2,500. నాయనమ్మకీ తాతకీ బట్టలు, మేనత్తకి పెట్టేది కలిపి 2,500. పిల్లల సొంత ఖర్చు 1,000, ఇద్దరికీ చెరి 500. అనుకోనిది 1,000. టిక్కెట్లకి ముందే ఇంటి డబ్బులోంచి పెట్టింది కదా, దాన్ని ప్రయాణం కవరులోంచి తీసి బీరువాలో పెట్టేసింది. కొడుకు తన బట్టలకి ఇంకా కావాలన్నాడు. "సరే, ఏ కవరులోంచి తియ్యమంటావు?" అంది. వాడు నాయనమ్మ కవరు వైపు చూశాడు. కాసేపయ్యాక వద్దులే అన్నాడు.

క్యాంటీనుకి వెళ్ళినప్పుడు కూడా అదే పాఠం. అక్కడ ధర తక్కువని బుట్ట నింపేవాళ్ళు ఎంతోమంది. అక్కర్లేని సబ్బుపెట్టె పది రూపాయలు తగ్గినా అది దండగే. ఆమె ఇంటి దగ్గరే చీటీ రాసుకుని వెళ్ళింది. చీటీ చదవడం కొడుకు పని. చీటీలో లేనిది బుట్టలో పడితే వాడే అరిచేవాడు.

ఇక మిగిలింది నాన్నతో మాట. ఇది చాలామంది మరిచిపోతారు. ఓడ రేవుకి వచ్చిన రోజు ఆయన ఫోను చేశాడు.

"ఏమండీ, ఈసారి పిల్లలు ఏదడిగినా వెంటనే కొనకండి" అంది ఆమె.

"ఉండేదే పది రోజులు. వాళ్ళని కాదనమంటావా?"

"కాదనొద్దు. నీ కవరులో ఎంతుందిరా అని అడగండి, చాలు."

ఆయన నవ్వాడు. సరే అన్నాడు.

కాని జనవరి 10 నాటికి ఓడ మళ్ళీ బయలుదేరింది. సెలవు వెనక్కిపోయింది. ఆయన టిక్కెట్టు రద్దయింది. ఆమె పిల్లలతో ఊరెళ్ళింది. భోగిమంట వేశారు. అరిసెలు వండారు. నాయనమ్మ కొడుకుని తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. ఇలాంటి పండగలు ఆ ఇళ్ళకి కొత్త కాదు. పెద్దపిల్ల ముభావంగా ఉన్నా ఏమీ అనలేదు.

కనుమ నాడు కొడుకు తన 500లో 350 పెట్టి తిరునాళ్ళలో బొమ్మ విమానం కొన్నాడు. సాయంత్రానికి రెక్క విరిగింది. ఏడ్చాడు. "ఇంకోటి కొనిపెట్టవే, పండగపూట పిల్లాడ్ని ఏడిపిస్తావా" అని మేనత్త కసిరింది. అమ్మకీ కడుపు తరుక్కుపోయింది. అయినా కొనలేదు. వాడి పక్కన కూర్చుని విరిగిన రెక్కకి దారం కట్టింది. అది ఎగరలేదు. ఆ 350 అయిపోయాయి, 150 మిగిలాయి. నాన్న వచ్చేదాకా వాడు వాటిని తీయలేదు.

జనవరి చివర్లో ఆయన వచ్చాడు. అప్పటికి పండగ అయిపోయింది. 'అనుకోనిది' కవరు తీసి ఆ వెయ్యితో కోడి, బియ్యపు పిండి, బెల్లం తెచ్చారు. ఇంట్లో రెండోసారి పండగ చేసుకున్నారు. సాయంత్రం నలుగురూ బీచికి వెళ్ళారు. బఠాణీల బండి, ముంతమసాలా బండి, బొమ్మల బండి వరసగా ఉన్నాయి. నాన్న అలవాటు ప్రకారం జేబులో చెయ్యి పెట్టాడు. పిల్లలు అడక్కముందే ఒక పెద్ద బొమ్మ ఓడ బేరం చేస్తున్నాడు.

కొడుకు ఆయన చొక్కా పట్టి లాగాడు.

"నాన్నా, మీ కవరులో ఎంతుంది?"