ఒకే కంప్యూటర్‌ను ఎక్కడికైనా వెంట తీసుకువెళ్లడం ఎలా?

బరంపురంలో ఇంజనీరింగో, ఎం.సి.ఏ.నో చదివే పిల్లలు వారంలో మూడు కంప్యూటర్ల ముందైనా కూర్చుంటారు. కాలేజీ ల్యాబ్‌లో ఒకటి, హాస్టల్‌లో స్నేహితుడి ల్యాప్‌టాప్, శనివారం ఛత్రపురమో, అస్కానో, ఇచ్ఛాపురమో ఇంటికి వస్తే అన్నయ్య వదిలివెళ్లిన పాత డెస్క్‌టాప్. ఒకదానిలో నడిచిన ప్రోగ్రాం మరొకదానిలో తెరుచుకోదు. వెంటనే “నాన్నా, కొత్త ల్యాప్‌టాప్ కావాలి” అనే మాట వస్తుంది. స్కాలర్‌షిప్ సొమ్ము దానికి ఖర్చు పెట్టే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా తల్లిదండ్రులకు నా మనవి.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్. దాని హార్డ్‌డిస్కు, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్, మీ ప్రోగ్రాములు అన్నీ కలిసి ఒక పెద్ద ఫైలుగా ఉంటాయి. ఆ ఫైలున్న ఫోల్డరును ఇంకో కంప్యూటర్‌కు తీసుకువెళ్లి తెరిస్తే నిన్న వదిలిన పని అలాగే కనిపిస్తుంది. ఆలోచన పాతదే. ఐ.బి.ఎం. 1960లలోనే తన పెద్ద కంప్యూటర్లలో దీన్ని నడిపింది. 1999లో వీఎంవేర్ సంస్థ మామూలు పి.సి.లకు తెచ్చింది. 2007లో విడుదలై, ఇప్పుడు ఒరాకిల్ చేతిలో ఉన్న వర్చువల్‌బాక్స్‌ను విద్యార్థులు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

లోపలి యంత్రంలో లినక్స్ వేసుకోవడం మేలు. విండోస్ వేస్తే దానికి వేరే లైసెన్సు కావాలి. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఏ మీట నొక్కితే తెలుగు ‘క’ వస్తుందో, ఒడియాకు మార్చి అదే మీట నొక్కితే ఒడియా ‘క’ వస్తుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా రాసే మన పిల్లలకు ఇది పెద్ద సదుపాయం. ఈ ఏర్పాటు ఒక్కసారి చేసుకుంటే ప్రతి కంప్యూటర్‌లోనూ మళ్లీ చేయనక్కరలేదు.

ఇక జాగ్రత్తలు. చిన్న పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్-32 పద్ధతిలో వస్తాయి. అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, మన ఫైలు అంతకు మించుతుంది. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే వేరేచోట దాచుకోండి). పెన్‌డ్రైవ్ మీద యంత్రం నత్తనడక నడుస్తుంది కాబట్టి యూఎస్‌బీతో తగిలించే ఎస్‌ఎస్‌డీ కొంటే నయం. రెండు కంప్యూటర్లలోనూ వర్చువల్‌బాక్స్ ఒకే వెర్షన్ ఉండాలి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపి ఉంటే 64-బిట్ సిస్టమ్ తెరుచుకోదు. 4 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్‌లో లోపలి యంత్రానికి సగానికి మించి ఇవ్వకండి. మామూలు పి.సి.లో తయారుచేసిన యంత్రం 2020 చివర నుంచి వస్తున్న ఆపిల్ ఎం-సిరీస్ కంప్యూటర్లలో ఇలా నడవదు.

చోటు మారే ముందు లోపలి యంత్రాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ‘సేవ్ స్టేట్’ నొక్కి తీసుకువెళితే, ప్రాసెసర్ వేరైన చోట తిరిగి లేవకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. నేను బ్యాంకులో చేరిన రోజుల్లో ఖాతా అంటే ఆ బ్రాంచి లెడ్జరులో ఒక పేజీ. కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఏ బ్రాంచికి వెళ్లినా అదే నిల్వ, ఎందుకంటే లెక్క ఒక్కచోటే ఉంటుంది. వర్చువల్ మెషీన్‌కు అటువంటి కేంద్రం లేదు. హాస్టల్‌లో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ పెట్టుకుని రెండింటిలోనూ పనిచేస్తే అవి రెండు వేరు వేరు లెడ్జర్లు అవుతాయి. తర్వాత వాటిని కలిపి టాలీ చేయడం ఎవరి తరమూ కాదు. కనుక పనిచేసే కాపీ ఒక్కటే ఉండాలి. మిగతావి తేదీ వేసి దాచిన నకళ్లు మాత్రమే.

నకలు మాత్రం తప్పనిసరి. యంత్రం నడుస్తుండగా కరెంటు పోతే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో కరెంటు పరిస్థితి ఎలా ఉండేదో తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు. వారానికొక నకలు తీసి, మరో ఇంట్లో ఉన్న డిస్కులో ఉంచండి. ప్రాజెక్టు రిపోర్టును విడిగా కూడా దాచుకోండి. అది చిన్న ఫైలు, ఈ-మెయిల్‌లో పట్టేస్తుంది.

వర్చువల్‌బాక్స్ ప్రతి కంప్యూటర్‌లోనూ ముందుగా ఇన్‌స్టాల్ అయి ఉండాలి, అందుకు యజమాని అనుమతి కావాలి. ల్యాబ్ ఇన్‌చార్జిని మర్యాదగా అడగండి. నెట్ సెంటర్లలో ఇది కుదురుతుందనుకోను. కుదిరినా, స్కాలర్‌షిప్ పోర్టల్ పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు అక్కడ టైపు చేయకండి. లోపలి యంత్రం మీదే అయినా, కీబోర్డు పరాయిది. మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ పై కంప్యూటర్ రాసిపెట్టుకోగలదు.